పళ్లు దాటి బుగ్గ చూడండి



నేను ఓరల్ పాథాలజిస్టును. దంతవైద్యులు నోట్లోంచి తీసి పంపే ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, అది ఏమిటో రాసిచ్చేవాణ్ని. క్యాన్సర్ అని రాయాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ మనిషిని ముందే ఎవరైనా చూసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఆ చూసేవాళ్లు ఇకమీదట, ఇవాళ దంతవైద్య పట్టా అందుకుంటున్న మీరే.

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మీ కుర్చీలో కూర్చునే మనిషి పంటి నొప్పనే వస్తాడు. లేచి వెళ్లబోతూ ఇంకో మాటంటాడు: "కారం తాకితే నోరంత మండుతది సారూ, బుక్క సక్కగ పెట్టుకోరాదు." ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టండి. నిలువునా మూడు వేళ్లు పట్టాల్సిన నోట్లో రెండే పడుతున్నాయేమో చూడండి. బుగ్గ లోపల వేలితో తడమండి. మెత్తగా ఉండాల్సిన చోట గట్టి పట్టీలు తగిలితే అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. గుట్కాలోని వక్క చేసిన పని అది. వక్కలోని అరికోలిన్ బుగ్గ కింది పొరలో కొలాజెన్‌ను పేరుస్తూ పోతుంది. పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది.

ముంబై, పుణె అడ్డాల మీద పనికి నిలబడిన పాలమూరు కూలీ ఆకలి చంపుకోవడానికి ప్యాకెట్ చింపి బుగ్గన పెడతాడు. ఆయన్ను తిట్టకండి. తిట్టించుకున్న మనిషి మళ్లీ రాడు.

ఆ బుగ్గలో జరిగేది ఇది. ఒరుసుకున్న చోట వాపు రావడం ఒళ్లు తనను తాను బాగుచేసుకోవడమే. కాక్స్-2 ఎంజైము పెరుగుతుంది, ఐఎల్-6 లాంటి సంకేతాలు వెలువడతాయి, పక్క కణాలు విభజన చెంది గాయాన్ని పూడుస్తాయి, తర్వాత అన్నీ సద్దుమణుగుతాయి. రోజూ అదే చోట గుట్కా పెడితే సద్దుమణిగే వ్యవధే ఉండదు. విభజన ఆగదు. పొగాకులోని నైట్రోసమైన్లు దెబ్బతీసిన డీఎన్‌ఏతోనే కణాలు రెండవుతుంటాయి. వాపుకీ కణితికీ ఉన్న ఈ సంబంధం కొత్తగా తెలిసింది కాదు. కణితుల్లో తెల్ల రక్తకణాలు ఉంటాయని పాథాలజిస్టు విర్కో 1863లోనే గమనించాడు. కణితిని మానని గాయంగా చూడాలని మరో పాథాలజిస్టు డ్వొరాక్ 1986లో రాశాడు.

ఆ విభజనను కంటికి చూపించేది కేఐ-67 అనే మార్కరు. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో దీన్ని గుర్తించారు, పేరులోని మొదటి రెండక్షరాలు ఆ ఊరివే. విభజనలో ఉన్న కణాల కేంద్రకాలకు గోధుమరంగు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న బుగ్గలో ఆ గోధుమ చుక్కలు అడుగు వరసల్లోనే ఉంటాయి. క్యాన్సర్‌కు ముందు దశ అయిన డిస్‌ప్లేసియాలో అవి పై పొరల్లోకి ఎక్కుతూ కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లెవరూ ఆ స్లైడును మరిచిపోరు.

మీలో కొందరు ఎండీఎస్‌లో ఈ మార్కర్ల మీదే థీసిస్ రాస్తారు. తప్పకుండా రాయండి. కానీ నోట్లోని ఏ తెల్లమచ్చ క్యాన్సరవుతుందో ఒక్క మార్కరుతో చెప్పగలిగే రోజు ఇంకా రాలేదు. చూసే కన్ను మాత్రం ఈరోజే ప్రాణం కాపాడుతుంది. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నోళ్లు చూశారు. పొగాకో మద్యమో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది. వాళ్లు వాడింది కళ్లూ చేతులే.

ఇక్కడ మనకొక చిక్కుంది. ఫ్లోరైడ్ నీళ్ల నల్లగొండలో పళ్ల గోధుమ మరకలకు మన కళ్లు అలవాటుపడ్డాయి. చూపు పంటి దగ్గరే ఆగిపోతుంది. పళ్లు దాటి బుగ్గ చూడండి, నాలుక పక్కకు లాగి అంచులు చూడండి, నాలుక కింద చూడండి. రెండు వారాలకు మానని పుండుకు పూత మందు రాసి పంపేయకండి. ముక్క తీయండి, తీయలేకపోతే తీసేచోటికి పంపండి.

2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ఒకటి. క్యాన్సర్ చికిత్స అందులో ఉంది. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అయినా కూలి పోతుందని, తోడెవరూ లేరని, భయమేసి మీ చీటీ జేబులోనే పెట్టుకుని తిరిగేవాళ్లుంటారు. అందుకే పేషెంటు నంబరుతో పాటు ఇంటామె నంబరు కూడా రాసుకోండి. వారం తర్వాత మీరే ఫోన్ చేసి, వెళ్లారా, ముక్క తీశారా అని అడగండి.