సేద్యపు పద్దులకు ఖర్చులేని కంప్యూటరు సాధనము



పంట ఇల్లు చేరిన పిమ్మట ఎకరమునకు ఎంత మిగిలినదని అడిగినచో మనలో పెక్కుమంది నోటిలెక్క చెప్పెదరు. కౌలు పెంచుమని ఆసామి అడిగిననాడు ఆ లెక్క నిలువదు. పిల్లల చదువుకై కొన్న కంప్యూటరు ఇంట నున్నచో పద్దు వ్రాయుటకు అదియే చాలును.

లిబ్రేఆఫీసు అను సాఫ్టువేరు 2010 నుండి ఉచితముగా లభించుచున్నది. చందా లేదు. అందలి కాల్క్ అను భాగమున తేదీ, పొలము, ఖర్చు వివరము, రూపాయలు అని నాలుగు నిలువు వరుసలు పెట్టుకొనుడు. తెలుగులోనే వ్రాయవచ్చును. ఇంటివారి కూలిని గూడ వ్రాయవలెను. దానిని విడిచిన లెక్క ఉత్త భ్రమ. అంకె ప్రక్కన ‘రూపాయలు’ అని చేర్చరాదు. చేర్చినచో యంత్రము దానిని మాటగా నెంచి మొత్తములో కలుపదు. ఇది కనబడని పొరపాటు గనుక రెండుసార్లు చెప్పుచున్నాను: ఆ వరుసలో అంకె మాత్రమే యుండవలెను.

ఖరీదైన సాఫ్టువేరుకు దొంగనకళ్లు వేయించుకొనవలదు. వానితో వచ్చు వైరసులలో కొన్ని ఫైళ్లకు తాళము వేసి సొమ్మడుగును. లిబ్రేఆఫీసును దాని స్వంత వెబ్‌సైటు నుండియే దింపుకొనవలెను.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగినది. అట్టి పాత యంత్రము గలవారు ఉచితమైన లినక్స్ మింట్ వేయించుకొనవచ్చును. లిబ్రేఆఫీసు దానితోనే వచ్చును.

వారమున కొకసారి పద్దు ఫైలును పెన్‌డ్రైవులోనికి నకలు తీసి, దానిని ఊడదీసి బీరువాలో ఉంచుడు. తగిలించి యుంచినచో వైరసు దానినీ పట్టును.