పురుగు పేరు తెలిశాకే మందు
(మామిడి, జీడిమామిడి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



తొలకరి వానలు పడగానే రాత్రిపూట దీపాల దగ్గరికి వచ్చే పెద్ద పెంకుపురుగు గురించి మన సంఘాన్ని చాలామంది అడుగుతున్నారు. దానికి ఒంటికన్నా పొడుగు మీసాలు. కొబ్బరికి పట్టే కొమ్ము పురుగని కొందరంటారు, పేడ పురుగని కొందరంటారు. మందుల కొట్లో చూపిస్తే రెండు డబ్బాలు చేతిలో పెడతారు గానీ పురుగు పేరు చెప్పరు. రోగమేదో తెలియకుండా మందు మింగితే ఏమవుతుందో మనకు తెలుసు.

ముందు తేడా గమనిద్దాం. కొమ్ము పురుగుకు తల మీద కొమ్ముంటుంది, మీసాలు పొట్టివి. పొడుగు మీసాల పెంకుపురుగుల కుటుంబమే వేరు. ఒళ్ళు బూడిద రంగు, రెక్కల మీద నారింజ లేదా పసుపు మచ్చలు, మెడ మీద రెండు నెలవంక గుర్తులు, దాదాపు రెండు అంగుళాల పొడవు ఉంటే అది మామిడి కాండం తొలిచే పురుగు. శాస్త్రవేత్తలు బాటోసెరా రూఫోమాక్యులేటా అంటారు. పనస, మేడి, మునగలనూ వదలదు. జీడిమామిడిలో మచ్చలు లేకుండా ముదురు గోధుమ రంగులో కనిపించేది ఎక్కువగా ప్లోసీడెరస్ రకం. అది చెట్టు మొదలును, వేళ్ళను తొలుస్తుంది.

చెట్టును చంపేది రెక్కల పురుగు కాదు, బెరడు లోపల తినే తెల్లటి పిల్లపురుగు. రంధ్రం నుంచి రంపపు పొట్టు రాలుతుంది, బంక కారుతుంది, కొమ్మ ఎండుతుంది. ఆకుల మీద కొట్టిన మందు దాకా అది రాదు. మామిడిలో ఇనుప తీగతో పురుగును లాగి, రంధ్రాన్ని బంకమట్టితో మూసేయాలి. జీడిమామిడిలో మొదట్లోనే బెరడు చెక్కి పురుగును ఏరాలి, చచ్చిన చెట్టును వేళ్ళతో సహా తీసేయాలి. పాత పుస్తకాల్లో డైక్లోర్వాస్ దూది పెట్టమని ఉంటుంది. ఆ మందును 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధించారు. ఎవరైనా పాత డబ్బా తీసి ఇస్తే కొనకండి. ఏ మందు కొన్నా బిల్లు అడగండి.

గుర్తుపట్టలేని పురుగు దొరికితే నలిపి పారేయొద్దు. సీసాలో వేసి, పక్కన స్కేలు పెట్టి పైనుంచి, పక్కనుంచి ఫోటో తీయండి. ఏ చెట్టు మీద, ఏ ఊళ్ళో, ఏ తేదీన దొరికిందో కాగితం మీద రాసి సీసాకు అంటించండి. ఆ వివరాలు లేని పురుగు సగం సాక్ష్యమే. ఉద్యాన అధికారికో, కృషి విజ్ఞాన కేంద్రానికో ఇచ్చి, ఇచ్చినట్టు రశీదు తీసుకోండి. నూజివీడులో మామిడికి, బాపట్లలో జీడిమామిడికి పరిశోధన స్థానాలున్నాయి. పురుగుల జాతులు తేల్చే జాతీయ సంస్థ బెంగళూరులో ఉంది. ఇవన్నీ మన పన్నుల డబ్బుతో నడిచేవే.

అందుకే మన డిమాండ్లు మూడు. రైతు ఇచ్చిన పురుగుకు వారం లోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ప్రతి మండలంలో గుర్తించిన పురుగుల నమూనాలు రైతులు చూసేలా పెట్టాలి. చెట్టు చచ్చిపోతే నష్టాన్ని నమోదు చేయాలి. ఇరవై ఏళ్ళు పెంచిన చెట్టు మళ్ళీ రావాలంటే ఇరవై ఏళ్ళు పడుతుంది.

రేపటి నుంచే ప్రతి ఊరి శాఖా ఒక సీసా, ఒక నోటుపుస్తకం సిద్ధం చేసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.