చర్మతత్త్వము – సంరక్షణ



కోస్తాతీరమున పెరిగినవారికి ఢిల్లీలో తొలి శీతకాలముననే ముంగాళ్ళు పొలుసుబారి దురద పుట్టుట కలదు. చాలవరకది రోగము కాదు. పొడిగాలి చర్మములోని తేమను లాగివేయును. తైలగ్రంథులు ముఖమున దట్టముగను, కాళ్ళపై పలుచగను ఉండును. అరికాళ్ళందు అసలే లేవు. అందుచేతనే మడమలు పగులును.

ముఖచర్మతత్త్వము తెలియుటకు ఖర్చులేని ఉపాయమొకటి కలదు. ముఖము కడిగి, ఏమియు పూయక ఒక గంట ఆగవలెను. బిగుసుకొన్నచో పొడిచర్మము, అంతట మెరసినచో జిడ్డుచర్మము, నుదురు, ముక్కు మాత్రమే మెరసినచో మిశ్రమము. ఋతువుతోను, వయస్సుతోను ఇదియు మారును.

పొడిచర్మమువారు చలికాలమున పొగలుగ్రక్కు నీటిని, నిత్యము సున్నిపిండి రుద్దుటను మానవలెను. పండుగనాటి నలుగునకు ఆక్షేపణ లేదు! గోరువెచ్చని స్నానము చేసి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గాని వేజలైను గాని పూయవలెను. మొటిమలున్న ముఖమునకు మాత్రము నూనె తగదు.

ఇంతకన్న పెద్ద ప్రమాదము తెలుపుపై మోజు. పెండ్లి కుదిరిన పిల్లకు ఇరుగమ్మ చెప్పిన స్టీరాయిడు ట్యూబు పూయుదురు. తొలుత ముఖము మెరయును. పిమ్మట చర్మము పలుచబడి, ఎఱ్ఱబారి, మొటిమలు, వెండ్రుకలు పుట్టును. మానినచో మంట హెచ్చును. ఇట్టి పలు లేపనములను వైద్యుని చీటీపైననే అమ్మవలెనని 2018లో కేంద్రప్రభుత్వము విధించినది. ఇదివరకే చాలకాలముగా వాడుచున్నవారు తమంతట తాము మానక, ఆ ట్యూబును వెంట గొనిపోయి చర్మవైద్యునకు చూపవలెను.