చెప్పు విప్పించి చూడవలసిన పాదం
(వైద్య, నర్సింగ్, ఫిజియోథెరపీ పట్టభద్రుల స్నాతకోత్సవ ప్రసంగం)

మనిషి ఒంట్లోని 206 ఎముకల్లో 52 రెండు పాదాల్లోనే ఉన్నాయి. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు, వాటిని పట్టి ఉంచే కండరాలు, టెండన్లు, లిగమెంట్లు అన్నీ కలిపి వందకు పైనే. ఇంత పనితనం ఉన్న అవయవం వంతు ఆసుపత్రిలో అన్నిటికన్నా చివర వస్తుంది. నాడి పడతారు, బీపీ చూస్తారు, నాలుక చాపమంటారు. గది బయట చెప్పులు విడిచి వచ్చిన రోగి పాదాల వైపు చూసేవారు తక్కువ, బూట్లతో వచ్చినవారి చేత మేజోళ్లు విప్పించేవారు మరీ తక్కువ. నేడు పట్టా అందుకుంటున్నవారు రేపు కూర్చోబోయే ఓపీల్లో ఒక్కో రోగికి దక్కే సమయం కొద్ది నిమిషాలే. అందుకే ఏ వయసు పాదంలో ఏం వెతకాలో ముందే తెలిసి ఉండాలి.

ఆ వెతుకులాట కాన్పు గదిలో మొదలవుతుంది. వెయ్యిమంది శిశువుల్లో ఒకరిద్దరికి పాదం లోపలికీ కిందికీ మెలితిరిగి ఉంటుంది. గ్రహణం వేళ తల్లి బయటికి వచ్చిందని సర్దిచెప్పుకొని, నూనె మర్దనతో అదే సర్దుకుంటుందని నెలలు గడిపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వంకర పాదానికి పెద్ద ఆపరేషన్ తప్పదనుకునే రోజుల్లో, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఇగ్నాసియో పొన్సెటి అనే వైద్యుడు చేత్తోనే పాదాన్ని మెల్లగా తిప్పుతూ వారానికో పిండికట్టు మార్చే పద్ధతి తెచ్చారు. ఐదారు కట్లతో పాదం దారికి వస్తుంది. చాలామందికి చివర్లో మడమ వెనకున్న టెండన్ మీద చిన్న కోత పెడతారు. అసలు కష్టం ఆ తర్వాతే. మూడు నెలలపాటు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. పాదం చక్కబడింది కదా అని ఇంట్లోవాళ్లు బూట్లు అటక మీద పెట్టేస్తే వంకర మళ్లీ వస్తుంది. తల్లికే కాదు, నాయనమ్మకు, అమ్మమ్మకు కూడా ఈ సంగతి నచ్చజెప్పిన నర్సు సగం వైద్యం చేసినట్టే.

పసిపిల్లల కాళ్ల విషయంలో తల్లిదండ్రులను భయపెట్టేవి చాలావరకు వయసుతో వచ్చిపోయేవే. రెండేళ్లలోపు దొడ్డికాళ్లు, మూడు నాలుగేళ్లకు మోకాళ్లు ఒరుసుకోవడం, అరికాలి వంపు కనిపించకపోవడం ఎదుగుదలలో భాగాలు. ఏడెనిమిదేళ్లకు కాళ్లు చక్కబడతాయి. ఒక కాలే వంగినా, వంపు ఏటికేడు పెరుగుతున్నా, బిడ్డ కుంటుతున్నా ఆలోచించాలి. రికెట్స్ ఒక కారణం. తెలుగు నేల మీద ఇంకో కారణం కూడా ఉంది. తాగునీటి ఫ్లోరైడ్ ఎముకలను దెబ్బతీస్తున్న సంగతి నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి 1937లోనే వైద్య పత్రికలకెక్కింది. నల్గొండ ప్రాంతపు కౌమార వయస్కుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్‌లో వివరించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. వంగిన ఎముకను మందులు నిలబెట్టలేవు. ఇక్కడ కాలిని కాపాడేది కుళాయిలో వచ్చే మంచి నీరే.

బడి వయసులో పేచీ అంతా బూట్లతోనే. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని వదులువి కొంటారు, లేదా బొటనవేలు ముడుచుకుపోయేదాకా పాతవే తొడుగుతారు. నిలబడినప్పుడు పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉంటే చాలు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక పెద్దలైనా పిల్లలైనా కొలత ఆ వేళ చూసుకోవడం మేలు.

నడివయసు పాదం జబ్బులు చాలావరకు చేసే పనిని బట్టి వస్తాయి. వరి నాట్ల కాలంలో రోజంతా బురదలో నానిన వేళ్ల సందులు తెల్లబడి, చీలి, ఫంగస్ పడతాయి. ఇంటికి రాగానే కడిగి వేళ్ల నడుమ పొడి గుడ్డతో తుడుచుకోవడం ఖర్చు లేని మందు. వేసవిలో మడమలు పగులుతాయి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టుండి, నాలుగడుగులు వేశాక తగ్గితే అది అరికాలి పట్టీ నొప్పి. ఎక్స్‌రేలో కనిపించే చిన్న ఎముక ముల్లును చూసి బెదిరిపోయేవారే ఎక్కువ. నిజానికి ఆ ముల్లు నొప్పిలేనివారిలోనూ కనిపిస్తుంది. పిక్కలనూ అరికాలినీ రోజూ సాగదీస్తూ, మెత్తటి మడమ ఉన్న చెప్పులు వేసుకుంటే నెలల్లో చాలామందికి తగ్గిపోతుంది.

బట్టల దుకాణంలో నిలబడే అమ్మాయి, ట్రాఫిక్ కానిస్టేబుల్, టీచరు, హోటల్లో వంటమనిషి – వీరి కాళ్లలో ఉబ్బిన సిరలు నీలంగా మెలికలు తిరిగి కనిపిస్తాయి. పిక్క కండరం కదిలితేనే రక్తం పైకి నెట్టబడుతుంది. కదలకుండా నిలబడితే అది కిందే ఆగిపోతుంది. చీలమండ దగ్గర చర్మం నల్లబడిందంటే పుండు పడే రోజు దగ్గరపడినట్టు. బిగుతు మేజోళ్లు, కాళ్లు ఎత్తిపెట్టుకోవడం, అవసరమైతే లేజర్ చికిత్స ఉన్నాయి. అయితే దుకాణంలో ఒక స్టూలు ఉంటే వీటిలో కొన్ని అక్కర్లేకపోవచ్చు. అమ్మకాల సిబ్బందికి కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి.

గర్భిణికి నెలలు నిండేకొద్దీ పాదాలు వాయడం మామూలే. వాపు ఉన్నట్టుండి ముఖానికీ చేతులకూ పాకి, తలనొప్పి కూడా వస్తే బీపీ చూడాల్సిందే. ఎవరికైనా ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే లోపలి సిరలో గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నవారికి, అమెరికా నుంచి పదిహేను గంటలు విమానంలో కదలకుండా కూర్చొని దిగినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఆ కాలిని మర్దన చేయకూడదు.

రెండు కాళ్లలో ఒకటి ఏళ్ల తరబడి లావెక్కడం గోదావరి, ఉత్తరాంధ్ర జిల్లాలకు కొత్త కాదు. బోదకాలు దోమ మోసుకొచ్చే పురుగు వల్ల వస్తుంది. ఇంటింటికీ పంచే మాత్రలు మింగితే వ్యాప్తి ఆగుతుంది. అప్పటికే వాచిన కాలికి మాత్రం రోజూ సబ్బుతో కడిగి మడతల్లో తడి లేకుండా ఆరబెట్టడమే ప్రధాన వైద్యం. జ్వరంతో కాలు ఎర్రబడే పోట్లు వేళ్ల సందుల్లోని చీలికల నుంచి మొదలవుతాయి, పోటు వచ్చిన ప్రతిసారీ వాపు మరో మెట్టు ఎక్కుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో చాలావాటికి నొప్పో, వాపో, వంకరో ఉంది. రోగి తనంతట తానే వస్తాడు. అసలు ప్రమాదం నొప్పి తెలియని పాదంలో ఉంది. ఈ సంగతిని లోకానికి తేటతెల్లం చేసింది వేలూరు. తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సర్జనుగా చేరారు. కుష్ఠు వ్యాధిలో వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పటి నమ్మకం. వ్యాధి చంపేది నరాన్ని మాత్రమేననీ, స్పర్శ పోయాక కాలిన గాయాలు, రాళ్లు, మేకులు మిగతా పని చేస్తున్నాయనీ ఆయన గుర్తించారు. రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా రోగికి మెలకువ రాదని తెలిశాక, ఇళ్లకు వెళ్లేవారికి తోడుగా పిల్లిని ఇచ్చి పంపేవారు. పుండు మళ్లీ పడకుండా మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు అక్కడే తయారయ్యాయి. 1966లో అమెరికా వెళ్లిన బ్రాండ్, వేలూరు పాఠాలను లూసియానాలోని కార్విల్‌లో షుగరు రోగుల పాదాలకు వర్తింపజేశారు.

ఆ పాఠం ఇప్పుడు ఇంటింటికీ అవసరమైంది. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉంది. షుగరున్నవారిలో తక్కువలో తక్కువ ఐదుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు పడుతుంది. షుగరు వల్ల తీసేసే కాళ్లలో అత్యధికం అలాంటి పుండుతో మొదలైనవే. నరాలు దెబ్బతిన్నాయో లేదో తేల్చడానికి పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ చాలు. అవి కూడా లేని చోట ఒక ప్రశ్న పనికొస్తుంది: “నడుస్తుంటే చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియకుండా ఎప్పుడైనా ఇంటికొచ్చారా?” అవునన్నవారి అరికాలు ఆ పూటే చూడాలి. పాదం ఎర్రగా, వేడిగా వాచి నొప్పి లేకపోతే చార్కో పాదం కావచ్చు. బరువు మోపితే ఎముకలు చితికి పాదం రూపమే మారిపోతుంది.

జాగ్రత్తలు చిన్నవే, రోజూ తప్పనివి. రాత్రి పడుకోబోయే ముందు అద్దం పెట్టుకొని అరికాళ్లు చూసుకోవాలి, చూపు ఆననివారికి ఇంట్లో ఒకరు చూసిపెట్టాలి. కాళ్లు కడిగే నీటి వేడిని మోచేత్తో పరీక్షించాలి. నూనె మడమలకు రాయొచ్చు, వేళ్ల సందుల్లో రాయకూడదు. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. ఆనెలను బ్లేడుతో చెక్కుకోవడం, ఆసిడ్ ఉండే కార్న్ క్యాప్ అంటించుకోవడం షుగరున్నవారికి నిషిద్ధం. మెట్టెలు బిగిసిన వేళ్ల కింద పుండు దాగి ఉండొచ్చు, తీయించి చూడాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే భక్తుడికో, అయ్యప్ప దీక్షలో 41 రోజులు చెప్పులు ముట్టని స్వామికో భక్తి మానుకోమని చెప్పడం పనికిరాని సలహా. ఎండెక్కకముందే నడవమని, వేడి బండల మీద మందపాటి మేజోళ్లు వేసుకోమని, దిగాక పాదాలు చూపించమని చెబితే వింటారు.

బీడీ, చుట్ట, సిగరెట్టు కాలి ధమనుల దారి మూసేస్తాయి. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గి, మళ్లీ నడిస్తే పట్టేయడం దానికి గుర్తు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చినప్పుడు నిష్పత్తి 0.9 కన్నా తక్కువైతే రక్తప్రసరణ తగ్గిందని అర్థం. పొగ మానకుండా చేసే చికిత్స ఏదీ నిలవదు.

అరవై దాటాక మోకాలి గుజ్జు అరిగిందని నడక మానేస్తే తొడ కండరం కరిగి నొప్పి ఇంకా పెరుగుతుంది. కుర్చీలో కూర్చొని కాలు చాచి కాసేపు బిగపట్టే వ్యాయామం ఏ వయసులోనైనా చేయొచ్చు. కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవలేని వృద్ధులు పడిపోయే ప్రమాదం ఎక్కువ. వారికి మందుల చీటీతోపాటు బాత్రూంలో పట్టుకునే కడ్డీ, రాత్రి వెలుగు, అరిగి నున్నబడ్డ హవాయి చెప్పుల మార్పు కూడా రాసివ్వాలి.

కాలు తీసేయక తప్పనివారికి 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ రూపొందించిన రబ్బరు పాదం నేల మీద బాసిపట్టు వేసుకోవడానికీ, చెప్పుల్లేకుండా పొలంలో దిగడానికీ వీలిచ్చింది. దానితోనే మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్‌ను తెలుగువారు ‘మయూరి’ సినిమాలో చూశారు. కృత్రిమ కాలు అమరాక, ఒరిపిడి గుర్తుల కోసం కాలి మోడును రోజూ చూసుకోవాలి; మోడు సన్నబడితే సాకెట్ మార్పించుకోవాలి. షుగరు వల్ల ఒక కాలు పోయినవారికి ఆపై కొన్నేళ్లలో రెండోదానికీ ముప్పు ఎక్కువ కాబట్టి, మిగిలిన పాదాన్ని వచ్చిన ప్రతిసారీ పరీక్షించాలి.