సేవ చేయువారి క్షేమము - పంచాయతి బాధ్యత
(గ్రామ పంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపములు - వీనిని గూర్చి మన పంచాయతి సమావేశములలో తరచుగా చర్చ జరుగుచుండును. అవి కంటికి కనబడు పనులు. పసిబిడ్డను తూచుట, గర్భిణిని ఆసుపత్రికి తోడ్కొనిపోవుట, క్షయరోగి మందు మ్రింగెనా లేదా యని విచారించుట - ఇవి కంటికి కనబడని పనులు. వీనిని చేయుచున్నవారు అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు, ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు. వారి క్షేమమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైనది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వ్యవస్థ వచ్చినది. కోవిడ్ కాలమున వీరు ఇంటింటికి తిరిగి జ్వరపీడితులను గుర్తించిరి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకు పురస్కారమిచ్చి గౌరవించినది. అయినను, వైద్య సిబ్బందిపై దౌర్జన్యము చేయువారిని కఠినముగా శిక్షించుటకై 2020లో అంటువ్యాధుల చట్టమునే సవరింపవలసి వచ్చినది. ప్రపంచము మెచ్చినవారికి సొంత ఊరిలో రక్షణ అవసరమగుట మనము ఆలోచింపదగిన విషయము.

వీరి అలసట రెండు విధములు. మొదటిది శరీరమునకు. అంగన్‌వాడీ కార్యకర్త పిల్లలకు ఆటపాటలు నేర్పి, భోజనము పెట్టించి, తూకములు తీసి, ఆ వివరములను ఫోనులో ఎక్కించవలెను. కేంద్రములో మరుగుదొడ్డి లేనిచో ఆమె పగలంతయు నీరు త్రాగుటయే తగ్గించుకొనును. దానివలన మూత్ర సంబంధమైన వ్యాధులు కలుగును. రెండవది మనస్సునకు. బిడ్డ చనిపోయిన తల్లిని ఓదార్చి వచ్చిన ఆశా కార్యకర్త, మరుగడియ ఇంకొక యింట నవ్వుముఖముతో టీకాలకు పిలువవలెను. తన దుఃఖమును చెప్పుకొనుటకు ఆమెకు తావు లేదు. తీరని పని ఒత్తిడివలన కలుగు నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తి సంబంధమైన స్థితిగా తన వర్గీకరణలో వివరించినది. అది సోమరితనము కాదు.

దీనివలన నష్టపోవునది గ్రామమే. అలసిన చేయి తూకమును తప్పుగా వ్రాయును. అలసిన కన్ను గర్భిణి కాళ్లవాపును చూడకపోవచ్చును. తల్లి పస్తున్నచో బిడ్డకు పాలెక్కడివి?

గౌరవ వేతనములు ప్రభుత్వములు నిర్ణయించునవి గదా, మనమేమి చేయగలమని మీరడుగవచ్చును. నిజమే. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుయిటీ చట్టము వర్తించునని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దాని అమలు ప్రభుత్వముల బాధ్యత. కాని ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. కనుక మనము చేయదగినవియు కలవు.

మొదట, ప్రతి అంగన్‌వాడీ కేంద్రమును, ఉపకేంద్రమును స్వయముగా చూడుడు. నీరు, మరుగుదొడ్డి, దీపము, తలుపునకు గడియ ఉన్నవా? లేనిదానిని తీర్మానములో వ్రాయుడు.

రెండవది, రాత్రివేళ 108 వాహనము గర్భిణిని తీసికొనిపోవును. ఆమెకు తోడుగా వెళ్లిన ఆశా కార్యకర్త తెల్లవారుజామున ఇంటికి మరలివచ్చుట యెట్లు? అందుకు ఊరిలో ఒక వాహనమును ముందుగానే ఏర్పాటు చేయుడు.

మూడవది, సభలకు జనమును పోగుచేయుట వంటి పరాయి పనులు వీరిపై మోపకుడు.

నాలుగవది, ఎవరైన వీరిని అవమానించినను, వేధించినను ఊరి పరువు పేరిట కప్పిపుచ్చకుడు. లైంగిక వేధింపులపై 2013 చట్టము ప్రకారము జిల్లాలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. ఆ ఫిర్యాదునకు తోడ్పడుడు.

ఐదవది, నెలనెల జరుగు గ్రామ ఆరోగ్య దినమున ఒక అరగంట వీరితో కూర్చుండి, లెక్కలడుగక, వారి కష్టసుఖములను విచారింపుడు. ఇంట చావు గాని, జబ్బు గాని సంభవించినచో వారికి సెలవు దొరకునట్లు పై అధికారులతో మాటలాడుడు.

వీనిలో అధిక భాగమునకు ధనముకంటె శ్రద్ధయే ముఖ్యము. మీ తదుపరి సమావేశపు చర్చనీయాంశములలో దీనిని మొదటిదిగా చేర్చి, ఆనాడు వీరిని గూడ పిలిచి, ముందుగా వారి మాటనే వినవలసినదిగా కోరుచున్నాను.