యంత్రముల యింటిపేళ్లు



కంప్యూటరులును, చేతిఫోనులును ఒండొంటితో మాటలాడుకొనవలెనన్న వానికిని పేళ్లుండవలెను గదా. యంత్రము తయారగునపుడే దానికి పెట్టబడు పేరొకటి కలదు. దానిని మ్యాక్ అడ్రసు అందురు. మీడియా యాక్సెస్ కంట్రోల్ అను మూడు మాటల తొలియక్షరముల కూర్పే మ్యాక్. ఈ పేరు స్వరూపమేమి, దానిని మార్చవచ్చునా, దానిని చూచి యెంతవఱకు నమ్మవచ్చును అనునవి నేటి ప్రసంగవిషయములు.

1973వ సంవత్సరమున అమెరికాలో జెరాక్సు సంస్థవారి పరిశోధనాలయమునందు రాబర్టు మెట్కాఫు, డేవిడ్ బాగ్సు మొదలగువారు యంత్రములను కలుపు ఈథర్‌నెట్టు అను పద్ధతికి మొదలుపెట్టిరి. తొలుత అందలి పేరు మిక్కిలి పొట్టిది. 256కు మించి పేళ్లు దానిలో పుట్టవు. ఒక భవనమున కది చాలును. 1980లో డిజిటల్, ఇంటెల్, జెరాక్సు సంస్థలు కలిసి ప్రకటించిన నిబంధనలలో దానిని 48 బిట్లకు పెంచిరి. బిట్టనగా సున్న గాని ఒకటి గాని. అట్టి 48 స్థానములలో 281 లక్షల కోట్లకు పైగా పేళ్లు పుట్టును.

వ్రాయునపుడు దానిని ఆఱు జంటలుగా వ్రాయుదురు. 0 మొదలు 9 వఱకు అంకెలును, ఎ మొదలు ఎఫ్ వఱకు ఇంగ్లీషక్షరములును అందలి గుర్తులు. దీని మర్మము తెలుగువారికి సులభముగా తెలియును. ఇంగ్లీషువారికి ఇంటిపేరు వెనుక వచ్చును. మనకు ముందు వచ్చును. ఇందును మన పద్ధతియే. మొదటి మూడు జంటలు యంత్రమును చేసిన సంస్థయొక్క యింటిపేరు. ఆ యింటిపేళ్లను పంచియిచ్చు అధికారము ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంఘమునది. తర్వాతి మూడు జంటలు ఆ యింటి బిడ్డకు పెట్టిన పేరు. ఒక్కొక్క యింటిపేరు క్రింద 1,67,77,216 బిడ్డలకు పేళ్లు సరిపోవును.

ఈ పేరు వాడుక ఒక వీథికి మాత్రమే పరిమితము. మీ ఫోను ఇంటిలోని రౌటరుతో మాటలాడునపుడు దీనిని చెప్పుకొనును. రౌటరు దాటి దేశాంతరము పోవు ఉత్తరమునకు ఐ.పి. అడ్రసు అను వేఱొక చిరునామా దారి చూపును.

ఇక మార్చుట. ఈ పేరు యంత్రములోని చిప్పులో చెక్కబడి యుండుట నిజమే. కాని మాటలాడునపుడు యంత్రము తన పేరును తానే చెప్పుకొనుచున్నది. వినువాడు జాతకచక్రము తెప్పించి పరీక్షింపడు. వేఱుపేరు చెప్పుమని దానిని నడుపు ప్రోగ్రామునకు ఆజ్ఞ యిచ్చినచో ఆ పేరే చెప్పును. ఇది వేషము వంటిది. చెక్కిన పేరు చెరగదు. అనేక యంత్రములలో ఆపి మరల ప్రారంభించినంతనే వేషము తొలగి జన్మనామము తిరిగివచ్చును. నిబంధనలు చేసినవారే యిందులకు దారి విడిచిరి. పేరులో రెండవ గుర్తు 2, 6, ఎ, ఇ అను నాల్గింటిలో నొకటియైనచో అది సంస్థ పెట్టినది గాక, స్థానికముగా పెట్టుకొన్న పేరని యర్థము. ఒకే వీథిలో రెండు యంత్రములకు ఒకే పేరుండరాదు. ఉన్నచో ఒకదాని ఉత్తరములు వేఱొకదానికి పోయి రెండును చెడును.

మారుపేరు పెట్టుకొనుట యెల్లప్పుడు దొంగతనము కాదు. 2013లో లండను నగరమున వీథి ప్రక్కనుండు చెత్తబుట్టలలో కొన్నిటికి పరికరము లమర్చి, ఆ దారిని పోవువారి ఫోనుల పేళ్లను వ్రాసికొనుచుండిరి. సంగతి బయటపడగా నగరపాలకులు దానిని ఆపించిరి. చెత్తబుట్ట కూడ మనిషి రాకపోకలను లెక్కించుట విపరీతము గాక మఱేమి! 2014 నుండి ఆపిలు వారు, వైఫైని వెదకునపుడు ఫోను మారుపేరు చెప్పునట్లు చేసిరి. 2019లో వచ్చిన పదవ ఆండ్రాయిడు మొదలు, ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క మారుపేరు పెట్టుట వాడుకయైనది.

పెద్దలైన మీకిది యేల యనిన వినుడు. ఒక గ్రామమున పఠనమందిరమునకు వైఫై పెట్టించి, కొన్ని ఫోనుల పేళ్లు వ్రాసికొని వానికే ద్వారము తెఱచినారనుకొందము. ఒకనాడు ఆ వైఫైనుండి యెవరో ఒక ఆడుపడుచును నిందించుచు సందేశము పంపిరి. రౌటరు పట్టికలో ఒక పిల్లవాని ఫోను పేరు కనబడినది. తాను పంపలేదని వాడేడ్చుచున్నాడు. ఇంతకంటె ఋజువేమి కావలెనని రచ్చబండయొద్ద కొందఱందురు. తీర్పు చెప్పవలసినవారు మీరు.

పొగ యున్నచోట నిప్పున్నదనుట చెల్లును. ఈ పేరున్నచోట ఆ ఫోనే యున్నదనుట చెల్లదు. వైఫైలో ఈ పేరు దాపరికము లేక గాలిలో పలుకబడుచుండును. సంకేతపదము పెట్టినను ఇది మాత్రము మఱుగుపడదు. సమీపమున నున్నవాడు విని దానిని తన యంత్రమునకు పెట్టుకొనవచ్చును. తర్కశాస్త్రమున నిట్టిదానిని సవ్యభిచారహేతువందురు. ఆ వేళ పిల్లవాడెక్కడ నున్నాడు, ఫోను ఎవరి చేత నున్నది, సందేశము ఏ ఖాతానుండి వచ్చినది అని విచారింపక వానిని దోషి యనుట అన్యాయము. పట్టికలోని పేరు విచారణకు మొదలు మాత్రమే.

ద్వారమునకు తాళముగా కూడ ఈ పట్టిక చాలదు. పొడుగైన సంకేతపదము పెట్టవలెను. అది పదిమందికి తెలిసినచో మార్చవలెను. అయినను పట్టిక యుంచుకొనగోరువారు తమ ఫోను సెట్టింగులలో ఆ వైఫై పేరు నొక్కి, మారుపేరునకు బదులు ఫోను సొంత మ్యాక్ అడ్రసును ఎన్నుకొనవలెను. లేనిచో పట్టికలో నున్నవానికే ద్వారము మూసికొనును. ఆపిలు ఫోనులలో ప్రైవేటు అడ్రసు అను దానిని ఆపవలెను. ఈ మార్పు ఆ యొక్క వైఫైకి మాత్రమే చేయుడు. బజారులోను, రైలుస్టేషనులోను మారుపేరు నట్లే యుండనిండు.