రాగం తీసేవారంటే నాకు పడేది కాదు
(బళ్లారిలో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లేచి నిలబడగానే బడులు, పాఠ్యపుస్తకాలు, ప్రభుత్వ ఉత్తర్వులు అంటూ మొదలుపెడతానని మీరు అనుకొని ఉంటారు. ఈరోజు ఆ సంచీ ఇంట్లోనే వదిలి వచ్చాను. పద్యనాటకం ఆడినవారి గురించి మాట్లాడతాను. అంతకుముందు ఒక ఒప్పుకోలు. నేను వకీలును కనుక వాంగ్మూలం అనుకోండి. దాదాపు ఇరవై ఏళ్లపాటు నేను ఆ నటులను చిన్నచూపు చూశాను. పైగా అది నా సంస్కారానికి గుర్తని భావించాను.

మా ఊరు తుంగభద్ర ఆయకట్టులోది. పక్కనే కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు ఉండేది. శ్రీరామనవమికి వారు నాటకం ఆడించేవారు. మా నాన్న నన్ను సైకిలు మీద ఎక్కించుకొని వెళ్లేవారు. రాత్రి పదింటికి మొదలైతే తెల్లవారుజాము దాకా సాగేది. అవి కాంట్రాక్టు నాటకాలు. ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపించి, అందరినీ ఒకే రాత్రి ఒకే వేదిక మీద నిలబెట్టేవారు. కలిసి సాధన చేసింది ఉండదు. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు, ఒక్కోసారి ముగ్గురు. శయ్య మీద పడుకున్న కృష్ణుడు ఒకరు, రాయబారానికి బయలుదేరిన కృష్ణుడు ఇంకొకరు. ఆయన పద్యం ఎత్తుకొని, నాలుగో పాదం చివర రాగం అందుకుంటే, ఎదుట దుర్యోధనుడు మీసం మీద చేయి వేసుకొని అలా నిలబడే ఉండాలి. అంతలో జనంలోంచి 'వన్స్ మోర్' అని ఒక కేక. మళ్లీ అదే పద్యం, మళ్లీ అదే రాగం. నేను గోనెపట్టా మీద నిద్రపోయేవాణ్ణి. మా నాన్న మాత్రం రెప్ప వేసేవారు కారు.

లా కాలేజీలో చేరాక నా అయిష్టానికి ఒక పెద్ద అండ దొరికింది. ఆ అండ మన బళ్లారి రాఘవ. తాడిపత్రి రాఘవాచార్యులు (1880-1946) ఇదే ఊరి కోర్టులో వాదించిన న్యాయవాది. కొలాచలం శ్రీనివాసరావు గారి 'రామరాజు చరిత్ర'లో పఠాను రుస్తుం పాత్రను ఆయన నటించిన తీరును చూసినవారు జీవితాంతం చెప్పుకొన్నారు. నటుడు పాత్రగా మారాలి గాని కచేరీ చేయకూడదన్నది ఆయన వాదం. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, ఆచరించి చూపించారు. ఇంతటివాడు రాగాలు వద్దన్నాడంటే ఇక అప్పీలు ఎక్కడిది? హాస్టలులో స్నేహితుల ముందు ముక్కు పట్టుకొని హార్మోనియం కూత కూస్తూ కృష్ణుణ్ణి అనుకరించేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఒకసారి సెలవులకు వెళ్లి ఇంట్లో కూడా చేశాను. మా నాన్న నవ్వలేదు, కోప్పడనూ లేదు. లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

రాఘవ గురించి శ్రద్ధగా చదువుతూ పోగా నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయనా బళ్లారి న్యాయవాదే. సరస వినోదినీ సభను నడిపి, 'చిత్రనళీయం' వంటి నాటకాలు రాసి ఆడించిన ఆంధ్ర నాటక పితామహుడు. తెలుగు నాటకంలోకి పాటను, రాగాన్ని తెచ్చినవారిలో ముందు వరుసలోని వ్యక్తి. 1880ల నాటికి ధార్వాడ వైపు నుంచి వచ్చిన నాటక సమాజాలు తెలుగునాట పాటల మోజు పుట్టించి వెళ్లాయి. ఆ గాలి మన సీమ మీదుగా వీచింది. అంటే రాగాన్ని వేదిక ఎక్కించిన మేనమామ, రాగాన్ని దించబోయిన మేనల్లుడు ఒకే కుటుంబంవారు, ఒకే కోర్టులో వాదించినవారు. నేనేమో మేనల్లుడి వాదన ఒక్కటే విని తీర్పు చెప్పేశాను. రెండో పక్షానికి నోటీసైనా ఇవ్వలేదు.

ఆ రెండో పక్షం నా దగ్గరకు కక్షిదారుగా వచ్చింది. సిరుగుప్ప తాలూకా నుంచి ఒక పెద్దాయన పొలం గట్టు తగాదాతో వచ్చారు. వయసులో ఉండగా చుట్టుపక్కల ఊళ్లలో అర్జునుడూ, కృష్ణుడూ వేసినవారు. ఆయన చదువు నాలుగో తరగతి, అదీ కన్నడంలో. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువుతారు. కాని 'పాండవోద్యోగ విజయాలు' ఆయనకు కంఠతా వచ్చు. తిరుపతి వెంకట కవుల సమాసం ఒక్కటీ తడబడకుండా చెబుతారు. సివిలు దావాల్లో ఎదురుచూపులే ఎక్కువని మీకు తెలుసు. కోర్టు వరండాలో, వేపచెట్టు కింద, మా కేసు పిలిచేదాకా ఆయన నాకు పాఠం చెప్పేవారు.

ఒకనాడు నా మనసులో ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న అడిగేశాను. "పెద్దయ్యా, చెప్పాల్సింది చెప్పేసినాక ఆ రాగం ఎందుకు? ఎదుటివాడు అట్లా నిలబడే ఉండాల కదా?"

ఆయన కాసేపు నావైపు చూశారు. "సారూ, పద్యంలో మాట ఉండాది, మాట అయిపోయినాక రాగం ఉండాది. మాట నడుమ రాగం తీసేవాడు నటుడు కాదు. మా ముందర కూర్చున్నోళ్లు మాలాంటోళ్లే. పెద్ద మాటలు విన్యారు, అవి లోపలికి దిగాల. ఆ రాగం తీసినంతసేపూ వాళ్లు అర్థం చేసుకుంటా ఉంటారు. మేము గాలికి తీస్తామనుకున్నారా?"

ఆనాడు నేను కేసు కాగితాలు మరచిపోయాను. లెక్క వేసి చూడండి. చంపకమాలలో పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు, నాలుగు పాదాలకు ఎనభై నాలుగు. ఉత్పలమాలకు ఎనభై. మధ్యలో యతి స్థానం. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండోది, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. సమాసం ఒక్కోసారి పాదం దాటి పోతుంది. ఎక్కడ పడితే అక్కడ ఊపిరి తీస్తే అర్థం రెండు ముక్కలవుతుంది. మైకులు లేని రోజుల్లో ఇదంతా హెచ్చు శ్రుతిలో, వెనక వరుసలో ఎడ్లబండి మీద కూర్చున్నవాడికి వినబడేటట్లు పాడాలి. వాదన చెప్పి, ఎదుటివారు జీర్ణించుకొనేందుకు కాస్త ఎడం ఇవ్వడం మా వృత్తిలోనూ గొప్ప విద్యే. మాలో చాలామందికి అది పట్టుబడదు.

అప్పటినుంచి రికార్డులు తెచ్చుకొని వినసాగాను. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి ముందు విన్నాను. ఆయన దగ్గర మాట విరుపు స్పష్టం, రాగం పొదుపు. రాఘవ శిష్యుడినని చెప్పుకొనే నాకు అక్కడ ప్రవేశం సులువైంది. ఏలూరులో న్యాయవాదిగా ఉంటూ కృష్ణుడు, బిల్హణుడు వేసిన బందా కనకలింగేశ్వరరావు గారి గురించి చదివి, మా వృత్తివాడే కదా అని మురిసిపోయాను. షణ్ముఖి ఆంజనేయరాజు గారి దగ్గర మాత్రం చాలాకాలం ఆగిపోయాను. అది నేను వెక్కిరించిన రాగమే. ఒకరాత్రి దావా కాగితాలు రాసుకుంటూ రాయబారం వింటున్నాను. కృష్ణుడు నిండుసభలో చెప్పేది ఏమిటి? రాజ్యభాగం అడిగి, చివరికి అయిదూళ్లయినా ఇమ్మని దిగివచ్చి, ఇవ్వకపోతే జరగబోయేది ముందుగానే చెప్పి హెచ్చరించడం. రాజీ ప్రయత్నం విఫలమవుతుందని తెలిసీ రాజీకి వచ్చినవాడి మాట అది. ఆ గొంతులో ఆఖరి పాదం తర్వాత వచ్చిన రాగంలో బెదిరింపు లేదు, దుఃఖం ఉంది. కలం పక్కన పెట్టేశాను.

ఇక డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో కాటి సన్నివేశం వచ్చేసరికి నటులు గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాలు అందుకుంటారు. అవి నాటకకర్త రాసినవి కావు. నటులే తెచ్చి అక్కడ నిలిపారు, జనం వాటిని అక్కడినుంచి కదలనివ్వలేదు. అంటరానితనాన్ని అడుగడుగునా అనుభవించిన కవి పద్యాలకు అన్ని కులాలవాళ్లూ కూర్చొని 'వన్స్ మోర్' అన్నారు. చాలామందికి అవి ఎవరివో తెలియదు. ఆ కేకను నేను చిన్నప్పుడు అజ్ఞానమనుకున్నాను.

సురభివారి సంగతి వేరు. పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు వారి 'మాయాబజార్' చూశాను. గాలిలో తేలే మనుషులు, తీగల మీద ఎగిరే బాణాలు! పిల్లల తమాషా అనిపించి సగంలో లేవబోయాను. పక్కన కూర్చున్న మిత్రుడు చేయి పట్టి ఆపి, వేషాలు వేస్తున్నవాళ్లంతా ఒకే కుటుంబమని చెప్పాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ' ఆడించడంతో మొదలైన పరంపర అది. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని రాఘవ పోరాడటానికి ముందునుంచే వారి ఆడవాళ్లు వేదిక మీద ఉన్నారు. అంతకంటే నన్ను కుదిపిన మాట ఒకటుంది. వారి పూర్వులు మరాఠా ప్రాంతం నుంచి వలసవచ్చిన తోలుబొమ్మలాటవారు. ఇళ్లలో వారి నుడి ఆరె మరాఠీ. కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ 1990లలో వచ్చి వారితో నాటకాలు చేయించారు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకొనేవారు వంద ఏళ్లకు పైగా తెలుగు పద్యాన్ని మోశారు. తెలుగు ఇంట్లో పుట్టిన నేనేమో పద్యాన్ని ముక్కుతో వెక్కిరించాను. పొరుగు నేల మీద మన భాష గురించి ఇన్ని సభల్లో ఇంత గట్టిగా మాట్లాడిన నాకు ఆ రాత్రి కుర్చీలో కదలడానికి సిగ్గేసింది.

నాన్న సంగతి చెప్పలేదు కదూ. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరాక మా ఊళ్లో తెలుగు బడి నిలవలేదు. ఆయన చదువంతా కన్నడంలోనే సాగింది. తెలుగు పత్రిక ఎప్పుడూ చదవలేదు, చదవలేరు. ఆయనకున్న గ్రంథాలయం ఆ నాటకాలే. సైకిలు తొక్కుతూ రాయబారం పద్యాలు అనుకుంటూ ఇంటికి తెచ్చేవారు. ఈ సంగతి నాకు అర్థమయ్యేసరికి ఆయన లేరు. నేను వెక్కిరించిన రోజు పెరట్లోకి ఎందుకు వెళ్లారో అడగడానికి వీలు లేకపోయింది.

గట్టు కేసులో మనమే గెలిచాం. ఫీజు ఇవ్వబోతే వద్దని, నాకు ఒక పద్యం నేర్పమని పెద్దాయనను అడిగాను. వారంపాటు ఇంట్లో తలుపులు వేసుకొని సాధన చేసి, ఆదివారం వారి ఊరు వెళ్లి, వారి అరుగు మీద కూర్చొని అప్పజెప్పాను. మూడో పాదంలో ఊపిరి చాలలేదు. ఆయన చేయి ఎత్తి ఆపారు.

"సమాసం నడుమ తుంచినారు సారూ. మొదట్నుంచీ ఎత్తుకోండి."